పాత కారు – కొత్త పరుగు

ఉద్దేశం : యంత్రంలో ఒక భాగం బలం పెరిగితే దాని భారం మరొక భాగంపై పడుతుంది. ఈ సత్యాన్ని గ్రహించి, ఏ పని ముందు, ఏ పని తరువాత అనే క్రమాన్ని పాటించినవాడే నిజమైన పనివాడు. ఒక పాత స్పోర్ట్స్ కారును పందెపు దారికి సిద్ధం చేసే విధానం ద్వారా ఈ విషయాన్ని తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

మేలుజాతి గుర్రాన్ని కొన్నవాడు ముందుగా కళ్ళెం సరిచూసుకొంటాడు. ఆ తరువాతనే కొరడా చేతబడతాడు. పాత కారును పందెపు దారిపై పరుగెత్తించదలచినవాడు అనుసరించవలసిన క్రమం కూడా ఇదే. కాని సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. కారు చేతికి రాగానే దాని ఇంజను శక్తిని ఎంత పెంచవచ్చునన్నదే మొదటి ఆలోచన అవుతుంది. ఆపడం ఎలాగన్న ప్రశ్న చివరికి మిగులుతుంది.

జపాన్‌కు చెందిన మాజ్డా సంస్థ 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగో మోటారు ప్రదర్శనలో ఎమ్ఎక్స్-5 అనే చిన్న కారును ప్రపంచానికి పరిచయం చేసింది. అమెరికాలో దీనిని మియాటా అంటారు. రెండే సీట్లు, మడిచే టాపు, సుమారు ఒక టన్ను బరువు, 1.6 లీటర్ల ఇంజను, దాదాపు 115 అశ్వశక్తి – ఇవీ దాని లక్షణాలు. ఇంజను ముందుంటుంది, దాని శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్లు కారూ చోదకుడూ ఒక్కటి కావాలన్నది దాని రూపకర్తల ఆశయం. జపాన్ భాషలో దీనినే 'జింబా ఇట్టాయ్' అంటారు. 2016లో ఈ కార్ల ఉత్పత్తి పది లక్షలకు చేరింది. విడిభాగాలు సులభంగా దొరకడం వల్లా, నిర్మాణం సరళంగా ఉండటం వల్లా, 1997 వరకు తయారైన మొదటి తరం కార్లను పందెపు దారికి సిద్ధం చేసుకొనేవారు నేటికీ అనేక దేశాల్లో ఉన్నారు.

మొదటి పని పరీక్ష. టాపుపై పడిన వాననీరు దిగిపోవడానికి ఈ కారులో సన్నని కాలువలున్నాయి. ఆకులతో, మట్టితో అవి పూడిపోతే నీరు తలుపుల కింది ఉక్కు పెట్టెలలోకి చేరి నిలుస్తుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఆ భాగాలను కోసివేసి కొత్త రేకును వెల్డింగు చేయకుండా మిగిలిన పనులకు పూనుకోవడం, పునాది కదిలిన ఇంటికి సున్నం వేయించడం వంటిది. తరువాత, వయసు మీదపడి బిరుసెక్కిన రబ్బరు గొట్టాలను, బుష్‌లను, ఇంజనులోని టైమింగ్ బెల్టును మార్చాలి. తొలినాటి కార్లలో క్రాంక్ షాఫ్ట్ ముందుకొన బలహీనంగా ఉండేది. అక్కడి బోల్టు వదులైతే ఇంజనే పాడయ్యేది. 1991లో సంస్థ ఆ కొనను మార్చి బలపరచింది. కనుక కొనేవాడు కారు తయారైన సంవత్సరాన్ని తప్పక తెలుసుకోవాలి.

రెండవది కళ్ళెం, అనగా బ్రేకు. వేగం గంటకు 100 కిలోమీటర్ల నుండి 150కి పెరిగితే అది ఒకటిన్నర రెట్లే. కాని కారులోని గతిశక్తి రెండుంబావు రెట్లవుతుంది. దానిలో అధికభాగాన్ని బ్రేకులే వేడిగా మార్చాలి. పందెపు దారిలో ప్రతి మలుపు వద్దా ఇదే జరుగుతుంది గనుక ఆ వేడి చల్లారడానికి వ్యవధి ఉండదు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణముంది. డాట్ 4 రకానికి చెందిన కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడలు నేలకు అంటినా కారు ఆగదు. కొత్త ఆయిల్, అధిక వేడికి ఓర్చే ప్యాడ్లు – వీటికయ్యే ఖర్చు స్వల్పం. అవి కాపాడేది ప్రాణం.

మూడవది పట్టు. అరిగిన షాక్ అబ్సార్బర్లను మార్చి, చక్రాల కోణాలను సరిచేయించి, మంచి టైర్లు వేస్తే, శక్తి ఏమాత్రం పెరగకున్నా కారు మలుపులలో వేగంగా సాగుతుంది. దీనితోపాటే సీట్ల వెనుక విల్లులా వంచిన ఉక్కు గొట్టాన్ని బిగించాలి. దీనిని రోల్ బార్ అంటారు. టాపులేని కారు తలక్రిందులైతే చోదకుని తలకు అదే రక్ష. హెల్మెట్ ధరించిన తల ఆ గొట్టం ఎత్తుకు లోపలనే ఉండాలి.

ఇంజను వంతు చివరిది. టర్బో అమర్చితే శక్తితోపాటు వేడి పెరుగుతుంది, రేడియేటరు చాలదు. రేడియేటరు మార్చితే క్లచ్ జారుతుంది. క్లచ్ మార్చితే వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ గేర్లపై భారం పడుతుంది. ఈ సంగతి తయారీ సంస్థకూ తెలుసు. అందుకే 1994 నమూనాలో 1.8 లీటర్ల ఇంజనును అమర్చినప్పుడు, ముందు బ్రేకు డిస్కుల వ్యాసాన్ని 235 మిల్లీమీటర్ల నుండి 255కు పెంచింది. డిఫరెన్షియల్‌ను కూడా బలపరచింది. ఆ పెద్ద బ్రేకులనే పాత 1.6 లీటర్ల కార్లకు బిగించుకోవడం నేడు పరిపాటి అయింది.

ఇంత శ్రమకోర్చి సిద్ధం చేసిన కారు పరుగెత్తవలసిన చోటు పందెపు దారి మాత్రమే. అక్కడ అందరూ ఒకే దిశలో సాగుతారు, రక్షణ సిబ్బంది సిద్ధంగా ఉంటారు, పాదచారులుండరు. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై దారి అటువంటిదే. ప్రజల రహదారి అలా కాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మన దేశపు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిర్దేశిస్తున్నది. మోటారు సైకిలు సైలెన్సరును తొలగించి వీధిలో హోరెత్తించే యువకునికి బ్రేకు ప్యాడ్లు అరిగిన సంగతి తెలియకపోవచ్చు. అతని చేతిలో కొరడా ఉన్నది గాని కళ్ళెం లేదు. ఆపగలిగినంత వేగమే మనది. అంతకు మించినది మన అధీనంలో లేనిది.

అర్థాలు
రౌతు : గుర్రంపై స్వారీ చేసేవాడు
చోదకుడు : వాహనం నడిపేవాడు
గతిశక్తి : కదలిక వల్ల వస్తువుకు కలిగే శక్తి
పరిపాటి : అలవాటు, వాడుక

ప్రశ్నలు
1. పాత కారును పందెపు దారికి సిద్ధం చేయడంలో పాటించవలసిన క్రమాన్ని వివరించండి.
2. బ్రేక్ ఆయిల్ మరిగితే కారు ఎందుకు ఆగదు?
3. 'కొరడా ఉన్నది గాని కళ్ళెం లేదు' – ఈ వాక్యంలోని అంతరార్థాన్ని తెలపండి.
4. మీరు ఎరిగిన ఏదైనా యంత్రంలో ఒక భాగాన్ని మార్చడం వల్ల మరొక భాగంపై పడే భారాన్ని గురించి పది వాక్యాలు రాయండి.