గడప, తలుపు, కిటికీ: రంగు వేయుటకు ముందు చేయవలసిన పని

సంక్రాంతి సమీపించినదనగా మన ఇండ్లలో తలుపులకును కిటికీలకును రంగు వేయు సందడి మొదలగును. భోగినాటికి ఇల్లు క్రొత్తగా కనబడవలెనని గృహిణుల కోరిక. రెండు దినములలో పని ముగించుకొని మరియొక ఇంటికి పోవలెనని రంగువాని తొందర. ఇట్లు వేసిన రంగు వేసవి ముదురకముందే పొరలు పొరలుగా లేచిపోవుట మనమందరము చూచినదే. రంగు మంచిది కాదని అంగడివానిని నిందింతుము. తప్పు చాలవరకు ఆ రంగు క్రింద దాగియుండును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమును ఈ పొరపాటే చేసితిమి. తమిళనాట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు పట్టుకొనును గదా. ఆ తడిని త్రాగి ఉబ్బిన వీధి తలుపు గడపకు ఒరయుచుండగా, వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించి, మరునాడే ఎనామెలు వేయించితిమి. మార్చి నెలలో చెక్క ఆరి ముడుచుకొనెను. తలుపునకును ద్వారబంధమునకును నడుమ చిటికెనవ్రేలు దూరునంత సందు ఏర్పడెను. రంగు బుడగలెత్తి ఊడిపోయెను. అప్పటినుండి మేము పండుగకు తలుపులు కడిగి తుడిచి ఊరకుందుము. రంగు పనిని ఫిబ్రవరి, మార్చి నెలలలో పెట్టుకొందుము.

పనివారు మనతో తమిళములో మాటలాడుటచే మన పిల్లలకు ‘నిలై’, ‘వాసల్‌పడి’ అను మాటలు తెలియును గాని ద్వారబంధము, గడప అను మాటలు తెలియవు. తలుపు రెక్క, పలక, బందు, గడియ, ఊచ, మరమేకు: వీనిని పని మొదలు కాకముందే పిల్లలకు చూపి చెప్పుడు. ముందే యని ఏల అనుచున్నామనగా, పాత రంగును గీకుట మొదలైన పిమ్మట పిల్లలు ఆ చాయల నుండరాదు.

పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును. తెలుపు వన్నెకు సీసపు తెలుపు, పసుపు వన్నెకు సీసపు క్రోమేటు, ఎరుపునకు సిందూరము, పూత త్వరగా ఆరుటకు సీసపు లవణములు చిరకాలము వాడబడినవి. మన దేశమున గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016లో నిబంధనలు వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వపు పూతలలో ఎంత సీసమున్నదో కంటితో చూచి చెప్పుట సాధ్యము కాదు. రంగు గోడకో తలుపునకో గట్టిగా అంటుకొనియున్నంత వరకు భయము తక్కువ. అది ధూళియై నేలపై బడి, పిల్లల చేతులకంటి నోటిలోనికి పోయినప్పుడు కీడు కలుగును. పిల్లల రక్తమున ఇంత సీసమున్నను హాని లేదని చెప్పదగిన హద్దు ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. సీసము ఎదుగు మెదడును దెబ్బతీయును. చదువున వెనుకబాటు, నిలుకడ లేమి దాని ఫలములు. ఆరేండ్ల లోపు పిల్లలకును గర్భిణులకును అపాయము మిక్కిలి హెచ్చు.

ఇందు మనవారికి ప్రత్యేకముగా సంబంధించిన సంగతి యొకటి కలదు. గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుట మన ఆచారము. నిత్యము పూయుటకు తీరికలేక పలువురు గడపకు పసుపు ఎనామెలు వేయించి, దానిపైనే ఎర్రని, తెల్లని చుక్కలు దిద్దించిరి. సీసము విరివిగా వాడిన దినములలో అది హెచ్చుగా కనబడినది పసుపు, నారింజ వన్నెల ఎనామెలులలోనే. ప్రాకెడి బిడ్డ మొట్టమొదట చేతులూని లేచునది ఆ గడపను పట్టియే. రాకపోకలచే నిత్యము అరుగునదియు ఆ గడపయే. కావున ఇంటిలో తక్కిన చెక్కపని ఎట్లున్నను, పాత పసుపు గడప విషయమున జాగ్రత్త వహింపవలెను. దానిని పొడిగా గీకరాదు. మంటతో కాల్చి ఊడదీయుట అంతకన్న చెడ్డది. వేడికి సీసపు పొగ రేగును. యంత్రముతో అరగదీసినచో ధూళి ఇల్లంతయు వ్యాపించును.

తడిపి రుద్దుట మేలైన మార్గము. గరుకు కాగితమును తమిళులు ‘ఉప్పుత్తాళ్’ అందురు. దాని రేణువులు ఉప్పువలె గరగరలాడుట చేత కాబోలు. ఇందు నీటికి చెడని నల్లని రకమొకటి అమ్మకమున కలదు. క్రింద ప్లాస్టిక్ పట్ట పరచి, రంగుపై నీరు చిలికి, ఆ కాగితమును తడుపుచు మెల్లగా రుద్దవలెను. వచ్చిన బురదను తడిగుడ్డతో ఎప్పటికప్పుడు తీయవలెను. పని చేయువారు సన్నని ధూళిని ఆపగల ఎన్95 ముసుగు ధరింపవలెను. వారి బట్టలు వేరుగా ఉతుకవలెను. పని ముగిసిన పిదప చీపురు పట్టరాదు. నేలను తడిగుడ్డతో రెండుమారులు తుడిచి, పట్టను లోపలికి మడిచి, గుడ్డలతో సహా మూటగట్టి పారవేయవలెను. పాత పూత గట్టిగా నున్నచో మొత్తము ఊడదీయ నక్కరలేదు. పైమెరుపు పోవునంత మాత్రము తడిగా రుద్ది, దానిపై క్రొత్త పూత వేసిన చాలును.

ఒకవేళ ఆ రంగు క్రింద బర్మా టేకు బయటపడినచో, మా మాట విని దానిపై మరల ఎనామెలు వేయకుడు. అట్టి చెక్క నేడు ఎక్కడ దొరకును?

ఇక శుభ్రత. రుద్దుటకు ముందే తలుపును సబ్బునీటితో కడుగవలెను. చేయి తగులు ఎత్తున, గడియ చుట్టును, తలనూనెయు చేతి జిడ్డును పేరుకొనియుండును. వంటింటి తలుపుపై పోపు పొగ జిడ్డు సరేసరి. జిడ్డుపై రంగు నిలువదు. కడుగక రుద్దినచో జిడ్డు చెక్కలోనికి దిగును. గడియలను, పిడులను మరమేకులు విప్పి తీసివేయుడు. వానిపై రంగు పూసి తరువాత గీకుకొనుట రెట్టింపు పని. తోరణములకై ఏటేట కొట్టిన మేకులను కూడ పీకివేయవలెను. మా ద్వారబంధమున అట్టివి పదునేడు దొరకినవి! తడిసిన చెక్కను ఎండగాలిలో రెండు దినములైనను ఆరనీయవలెను.

చెక్కలోని ముడులనుండి జిగురు ఊరి రంగుపై పసుపుపచ్చని మరకలు తేలును. లక్కను స్పిరిటులో కరగించి ముడులపై రెండుమారులు పూసిన ఇది ఆగును. పిమ్మట ప్రైమరు. ప్రైమరు వేసిన తరువాతనే మేకుల రంధ్రములను, పగుళ్లను పుట్టీతో పూడ్చవలెను. పలువురు దీనిని తారుమారు చేయుదురు. వట్టి చెక్క పుట్టీలోని నూనెను పీల్చివేయును. అంతట పుట్టీ ఎండి ఊడిపడును. సుద్దపొడిని అవిసెనూనెతో మెదిపి పుట్టీ చేసికొనువారు, ఆ నూనె అంటిన గుడ్డలను ముద్దగా మూల పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి రగుల్కొనగలవు. పుట్టీ ఆరినపిదప 180 సంఖ్యగల కాగితముతో, చెక్క పోగు సాగిన దిక్కుననే రుద్దవలెను. అడ్డగీతలు ఎనామెలు మెరుపులో కొట్టవచ్చినట్లు కనబడును. టార్చిలైటును చెక్కకు ప్రక్కగా పట్టి చూచినచో మిట్టపల్లములు తెలియును. కిటికీ ఊచలు ఇనుపవి గనుక వానికి ఇనుమునకు తగిన ప్రైమరే వేయవలెను.

ఇంతవరకు చేసినచో రంగు వేయుట సులభము. గోడల సున్నము ముందే ముగించుకొనవలెను. కుంచె వెండ్రుకలలో మూడవవంతు మాత్రమే రంగులో ముంచి, డబ్బా అంచున తట్టి, మొదట పలకలను, తరువాత అడ్డుపట్టెలను, కడపట నిలువుపట్టెలను పూయుడు. తడి ఆరనారంభించిన చోటికి కుంచె మరల్చరాదు. ఒక మందపు పూతకన్న రెండు పలుచని పూతలు మేలు. నడుమ 220 సంఖ్య కాగితముతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరనీయుడు. తలుపు పై అంచును, క్రింది అంచును ఎవ్వరును చూడరని పనివారు విడిచిపెట్టుదురు. నేల కడిగిన నీరు చెక్కలోనికి ఎక్కునది ఆ క్రింది అంచునుండియే. తలుపు బందులనుండి విప్పియున్నప్పుడే దానిని పూయించుకొనుడు.

గడపకు మాత్రము మేము ఈమారు రంగు వేయించలేదు. పాత పసుపు ఎనామెలును తడిరుద్దుడుతో పూర్తిగా తీయించి, చెక్కను బాగుగా కడిగించి ఆరనిచ్చితిమి. శుక్రవారము నాడు ఇంటివారు వెనుకటివలె పసుపే పూయుచున్నారు. తలుపులు ఒక వారము దినములు ఓరగా ఉంచి, రంగు గట్టిపడిన తరువాత గడియలు బిగించితిమి. తోరణమునకు రెండే మేకులు కొట్టితిమి.