ఇసుక బాట

మెరీనా తీరమున ఆడుకొను బాలురకు ఆ ఇసుక అనాదిగా అచ్చటనే యున్నదని తోచును. అది నిజము కాదు. నూటయేబది యేండ్ల క్రిందట అచ్చట ఇంత వెడల్పైన ఇసుక లేదు. కెరటములు సెయింటు జార్జి కోట చేరువ వరకు వచ్చుచుండెను. 1876లో చెన్నపట్టణమునకు కృత్రిమమైన ఓడరేవు కట్టనారంభించిరి. ఆ రేవు గోడలే ఇసుకను నిలిపినవి.

ఎట్లనగా, మన తీరమున ఇసుక ఒకచోట ఉండదు. ఏటిలో ఎక్కువ మాసములు కెరటములు ఏటవాలుగా వచ్చి దానిని ఉత్తరమునకు నెట్టుచుండును. ఈశాన్య ఋతుపవన కాలమున కొంత వెనుకకు మరలును గాని, మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే అధికము. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతిగోడ ఈ బాటకు అడ్డుపడెను. దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా పెరిగెను. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు తీరములకు రావలసిన ఇసుక రాకపోగా, సముద్రము నేలను కోసికొనిపోయెను. జాలరుల ఇండ్లు కడలిపాలైనవి. రాళ్లు పోసిన చోట కోత ఆగినను, దానికి ఉత్తరమున మరల మొదలగుచుండును. తుదకు రేవునకే చిక్కు వచ్చెను. తూర్పు ముఖముగా ఉన్న ద్వారము పూడుచుండుటచే, ఇరువదవ శతాబ్దారంభమున దానిని మూసి ఈశాన్యమున తెరచిరి.

మేము ఆంధ్రదేశమున శిక్షణ పొందు నాళ్లలో విశాఖపట్నము చూడబోతిమి. అచ్చట రేవు ముఖమున చేరు ఇసుకను త్రవ్వి ఉత్తరపు తీరమున పోయుదురని విని ఆశ్చర్యపడితిమి. బాటను అడ్డగించినవారే ఇసుకను దాటించుట న్యాయమని మాకు తోచినది.

2006 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారము ఓడరేవులకును, 20,000 చదరపు మీటర్లును అంతకు మించిన భవనములకును పర్యావరణ అనుమతి ముందుగా పొందవలెను. చిన్న ఇండ్లకు ఆ నియమము లేదు. అయినను వాన ఇంటి కొలత చూడదు గదా! వీధిలో పోసిన ఇసుకయు, పునాది మట్టియు ఒక్క జడివానకు కాలువ చేరి, అచ్చట పేరుకొని, నీటిదారిని మూయును. నవంబరులో మోకాటిలోతు నీటిలో బడికి వచ్చు పిల్లలకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టు తలిదండ్రులు కుప్పను కాలువకు దూరముగా పోయించి, చుట్టును ఇసుకసంచులు పేర్చి, పైన పట్టా కప్పింపవలెను. ఖర్చు స్వల్పమే, మేస్త్రికి చెప్పు ఓపిక మాత్రము కావలెను.

విద్యార్థులారా, తొలివాన నాడు మీ వీధిలో ఇల్లు కట్టుచున్న చోటికి ఎగువను ఒకటి, దిగువను ఒకటి గాజుగ్లాసుతో కాలువనీరు పట్టుడు. ఒక రాత్రి కదల్పక ఉంచి, అడుగున చేరిన మన్నును కొలబద్దతో కొలిచి వ్రాసికొని రండు.