పచ్చబొట్టు పొడిపించుకోదలచిన చిరంజీవికి



ముంజేతి మీద గులాబీ రంగు త్రిభుజాన్ని పచ్చబొట్టుగా పొడిపించుకోవాలన్న సంకల్పం గురించి చిరంజీవి పెద్దల అభిప్రాయం కోరినందువల్ల, ఆ గుర్తు చరిత్రను, దానిని ధరించడంలోని బాధ్యతను వివరించడానికి ఈ లేఖ ఉద్దేశించబడింది. వద్దని వారించడం గాని, వెంటనే చేయించుకోమని తొందరపెట్టడం గాని దీని లక్ష్యం కాదు. శరీరం ఎవరిదో దాని మీద ఉండవలసిన గుర్తును నిర్ణయించే అధికారం కూడా వారిదే. అయితే ఒకరు ఎవరన్న సత్యం పచ్చబొట్టు మీద ఆధారపడి ఉండదు గనుక, ఆ అధికారాన్ని ఒత్తిడికి లోబడకుండా, విషయం తెలుసుకుని, అనువైన సమయంలో వినియోగించుకోవడం మేలు. ఈ లేఖలోని తక్కిన మాటలన్నీ ఈ ఒక్క సలహాకు వివరణలే.

మొదట పచ్చబొట్టు అంటే ఏమిటో, అది ఎందుకు చెరగదో తెలియాలి. చర్మపు పై పొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది పుడుతూ ఉంటుంది గనుక అక్కడ పూసిన రంగు నిలవదు. దాని కింది పొరలోకి సూదితో ఎక్కించిన రంగును మాత్రం రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్ కణాలు మింగి తమలో పట్టి ఉంచుతాయి. ఆ కణాలు చనిపోయినప్పుడు బయటపడిన రంగును తరువాత వచ్చిన కణాలు తిరిగి మింగుతాయని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద జరిపి 2018లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. లేజరు కిరణాలతో తొలగించే పద్ధతి ఉన్నా దానికి అనేక విడతలు పడతాయి, ఖర్చు ఎక్కువ, నలుపు తగ్గినంత సులభంగా తక్కిన రంగులు తగ్గవు. కాబట్టి పచ్చబొట్టును జీవితాంతం ఉండే గుర్తుగానే భావించి నిర్ణయం తీసుకోవాలి.

తెలుగు సమాజానికి ఈ విద్య కొత్తది కాదు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి సోది చెబుతూ పచ్చబొట్లు పొడిచేవారు. చేతుల మీద చుక్కలు, ముగ్గు వంటి గీతలు, తేలు బొమ్మ, పెనిమిటి పేరు ఎందరో అవ్వల, అమ్మమ్మల ఒంటి మీద నేటికీ కనిపిస్తాయి. భార్య చేతి మీద భర్త పేరు కనిపించినంత తరచుగా భర్త చేతి మీద భార్య పేరు కనిపించకపోవడాన్ని గమనిస్తే, స్త్రీ ఎలా ఉండాలో, ఎవరికి చెందాలో చెప్పే సామాజిక నియమాలకు కూడా పచ్చబొట్టు సాధనమైందని తెలుస్తుంది. ఇదే సాధనం ధిక్కారానికి కూడా ఉపయోగపడింది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో అంటరానివారన్న నెపంతో ఆలయ ప్రవేశం నిరాకరించబడిన దళితులు 19వ శతాబ్దం చివరి కాలంలో పరశురామ్ అనే వ్యక్తి నాయకత్వంలో రామ్‌నామీ సమాజంగా ఏర్పడి, రామ నామాన్ని ఒంటి నిండా పొడిపించుకున్నారు. గుడి తలుపు మూసినవారికి అందని చోట, తమ చర్మం మీదనే, వారు దైవాన్ని నిలుపుకున్నారు.

గుర్తును ఎవరు ఎంచుకున్నారన్న ప్రశ్న ఇక్కడే ప్రధానమవుతుంది. బెంగాలులో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1797 నుండి యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వారి పేరును, నేరాన్ని, శిక్ష పడిన తేదీని పచ్చబొట్టుగా పొడిపించేది. ఆ పద్ధతి 1849లో గాని రద్దు కాలేదు. నాజీల కాలంలో ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీల ముంజేతుల మీద సంఖ్యలు పొడిచారు. సూది వాడకుండానే మనిషిని గుర్తుపట్టి వేరు చేసిన చట్టాలు కూడా ఉన్నాయి. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, వచ్చిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టి, స్త్రీల దుస్తులతో బహిరంగ స్థలంలో కనిపించినవారిని వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. వందేళ్లకు పైగా చట్టాల పుస్తకంలో ఉండిపోయిన ఆ చట్టం, ఇతరులు వేసిన గుర్తు ఎంత మొండిదో తెలుపుతుంది.

చిరంజీవి ఎంచుకున్న గులాబీ త్రిభుజం కూడా మొదట ఇతరులు వేసినదే. పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా పరిగణించిన 175వ నిబంధన జర్మనీ శిక్షాస్మృతిలో 1871లో చేరగా, నాజీ ప్రభుత్వం 1935లో దానిని మరింత కఠినం చేసింది. ఆ పాలనలో దాదాపు 50,000 మందికి శిక్షలు పడ్డాయి. 5,000 నుండి 15,000 మంది వరకు నిర్బంధ శిబిరాలకు పంపబడ్డారని చరిత్రకారుల అంచనా. ఖైదీల దుస్తుల మీద నిర్బంధ కారణాన్ని బట్టి రంగు త్రిభుజాలు కుట్టినప్పుడు ఈ పురుషులకు కొన కిందికి ఉండే గులాబీ త్రిభుజాన్ని కేటాయించారు. యుద్ధం ముగిసినా వారికి విముక్తి పూర్తిగా రాలేదు. నాజీలు మార్చిన రూపంలోనే ఆ నిబంధన పశ్చిమ జర్మనీలో 1969 వరకు అమలులో ఉండి, 1994లో గాని పూర్తిగా రద్దు కాలేదు. నాజీల కాలపు శిక్షలు 2002లోనూ, యుద్ధానంతర కాలపు శిక్షలు 2017లోనూ చెల్లకుండా పోయాయి.

1970ల నుండి స్వలింగ ప్రేమ గలవారి హక్కుల ఉద్యమకారులు ఆ త్రిభుజాన్ని తమ గుర్తుగా స్వీకరించారు. అమెరికాలో ఎయిడ్స్ మరణాలు పెరుగుతున్నా ప్రభుత్వం తగినట్లుగా స్పందించని రోజులలో, మౌనం మరణంతో సమానమని చాటే గోడపత్రికను న్యూయార్క్ గోడల మీద అతికించిన బృందం కొన పైకి ఉండేలా త్రిభుజాన్ని తిప్పి వాడింది. 1987 మార్చిలో అదే నగరంలో ఏర్పడిన ఆక్ట్ అప్ అనే ఉద్యమ సంస్థ దానిని తన చిహ్నంగా చేసుకున్నది. అందువల్ల కొన ఎటు ఉండాలన్నది అలంకారానికి సంబంధించిన విషయంగా మిగలలేదు. కిందికి ఉన్నది మృతుల స్మరణను, పైకి ఉన్నది బతికి ఉన్నవారి పోరాటాన్ని ముందుకు తెస్తాయి. చిరంజీవి ఈ రెండింటిలో ఒకదానిని తెలిసి ఎంచుకోవాలి గాని, పచ్చబొట్ల కళాకారుని పుస్తకంలో బాగుందని కనిపించిన దానితో తృప్తిపడరాదు.

పచ్చబొట్టుకు ప్రకటనతో పాటు గోప్యతను కాపాడే పాత్ర కూడా ఉండేది. 1950లలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో లెస్బియన్లు, అంటే స్త్రీల పట్ల ప్రేమ గల స్త్రీలు, కొందరు మణికట్టు మీద నీలి నక్షత్రం పొడిపించుకున్నారు. అవసరమైనప్పుడు చేతి గడియారం దానిని కప్పేది, తమవారి మధ్య గడియారం తీస్తే అది కనిపించేది. ఎలిజబెత్ కెనడీ, మాడలిన్ డేవిస్ ఆ నగరపు లెస్బియన్ల మౌఖిక చరిత్రను సేకరించి 1993లో ప్రచురించిన గ్రంథం వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. దాదాపు అదే కాలంలో శామ్యూల్ స్టీవార్డ్ అనే సాహిత్యాచార్యుడు షికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయం విడిచి పచ్చబొట్ల కళాకారుడయ్యాడు. స్వలింగ ప్రేమ గల ఆయన తన దుకాణానికి వచ్చినవారి మనోభావాలను ప్రసిద్ధ లైంగికతా పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ కోసం దినచర్యగా రాసిపెట్టాడు. ఈ వృత్తికి స్వలింగ ప్రేమ గలవారితో ఇటువంటి దగ్గరి సంబంధం ఉండేది.

చిరంజీవి తరం వాడే పదాల అర్థాన్ని కూడా ఇక్కడ స్థిరపరచుకోవాలి. పుట్టినప్పుడు శరీర చిహ్నాలను బట్టి ఇతరులు నిర్ణయించినది లింగం. తనను తాను స్త్రీగానో, పురుషుడిగానో, ఆ రెండింటికీ చెందనివారిగానో లోపల ఎరిగి ఉండడం జెండర్ గుర్తింపు. ఎవరి మీద ప్రేమ, ఆకర్షణ కలుగుతాయన్నది లైంగికత. పుట్టినప్పుడు నిర్ణయించిన లింగానికీ జెండర్ గుర్తింపుకూ పొంతన లేనివారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులంటారు. ఆ పొంతన లేకపోవడం వల్ల కలిగే తీవ్రమైన మనోవేదనను వైద్యులు జెండర్ డిస్ఫోరియా అంటారు. లైంగికతలో, జెండర్ గుర్తింపులో అధిక సంఖ్యాకులకు భిన్నంగా ఉండే వీరందరినీ కలిపి సూచించడానికి ఎల్‌జీబీటీక్యూ అనే అక్షరాలు, క్వీర్ అనే పదం వాడుకలో ఉన్నాయి. ఛాతీ శస్త్రచికిత్స చేయించుకున్న ట్రాన్స్ పురుషులలో, అంటే పుట్టినప్పుడు స్త్రీలుగా నిర్ణయించబడినా తమను పురుషులుగా ఎరిగినవారిలో, కొందరు గాయపు మచ్చల చుట్టూ పూలను, ఆకులను, పక్షులను పొడిపించుకుంటారు. ఎంతో కాలం తనది అనిపించని శరీరాన్ని తనదిగా స్వీకరించే ప్రయత్నం అందులో ఉంటుంది. అయితే శస్త్రచికిత్స మచ్చ పూర్తిగా మానకముందే దాని మీద సూది దించడం ప్రమాదకరం గనుక, శస్త్రచికిత్స చేసిన వైద్యుని సలహా లేకుండా అందుకు పూనుకోరాదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నల్సా తీర్పుగా పేరుపొందిన 2014 ఏప్రిల్ 15 నాటి తీర్పులో సుప్రీంకోర్టు జెండర్‌ను స్వయంగా నిర్ణయించుకునే హక్కును గుర్తించి, దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అని పేర్కొన్నది. శరీరాన్ని మార్చుకున్నట్లు చూపితేనే మనిషిని నమ్మాలన్న వాదాన్ని న్యాయస్థానమే తిరస్కరించినప్పుడు, చేతి మీద గుర్తు ఉంటేనే నిజమైన క్వీర్ అని, ఉద్యమానికి నిబద్ధులని స్నేహితులు భావించడం ఎంత మాత్రం సమంజసం కాదు. పచ్చబొట్టు లేనివారి ప్రేమ తక్కువది కాదు, దానిని దాచుకున్నవారు పిరికివారు కారు. బఫెలో స్త్రీలు గడియారం కింద నక్షత్రాన్ని దాచినప్పుడు సైతం ఒకరికొకరు తోడుగానే నిలిచారు.

లోకవ్యవహారంలో ఆలోచించవలసిన విషయాలు కూడా తక్కువ కావు. చదువుకు, వసతికి ఇంటి మీద ఆధారపడి ఉండగా, ఇంట్లో ఇంకా తెలియజెప్పని విషయాన్ని ముంజేయి ముందుగా చెప్పేస్తే చదువు ఆగిపోయే, ఇల్లు విడవవలసి వచ్చే పరిస్థితులు ఎందరికో ఎదురయ్యాయి. అటువంటి ప్రమాదం ఉన్నప్పుడు దుస్తులతో కప్పగల చోటును ఎంచుకోవడం గాని, కొంత కాలం ఆగడం గాని వివేకం. కేంద్ర సాయుధ పోలీసు దళాల నియామక వైద్య పరీక్షలలో పచ్చబొట్టు ఉన్న చోటు, పరిమాణం, విషయం చూస్తారు. సెల్యూట్ చేయని చెయ్యి అయిన ఎడమ ముంజేతి లోపలి వైపున గాని, అరచేతి వెనుక భాగాన గాని, ఆ అవయవ భాగంలో నాలుగో వంతుకు మించకుండా ఉన్నవాటినే అనుమతిస్తారు. సైన్యం, పోలీసు ఉద్యోగాల మీద ఆశ ఉన్నవారు నోటిఫికేషన్ నిబంధనలను ముందే చదవాలి.

శుభ్రత విషయంలో రాజీ పనికిరాదు. శుద్ధి చేయని సూది వల్ల హెపటైటిస్ బీ, సీ వంటి కాలేయ వ్యాధులు, హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉన్నందువల్ల, ప్రతి వ్యక్తికీ కొత్త సూదిని కళ్ల ముందు కవరు చించి తీసే చోటికి, రంగును చిన్న గిన్నెలలో విడిగా పోసి మిగిలినది పారవేసే చోటికి మాత్రమే వెళ్లాలి. జాతరలలో ఒకే సూదితో వరుసగా పొడిచేవారి దగ్గర కూర్చోరాదు. మన దేశంలో పచ్చబొట్టు పొడిపించుకున్న తరువాత 12 నెలల వరకు రక్తదానం చేయకూడదని 2017 నాటి రక్తదాతల ఎంపిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవే మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను, పురుషులతో సంబంధం గల పురుషులను రక్తదానానికి శాశ్వతంగా అనర్హులుగా పేర్కొన్నందున, దానిని సవాలు చేస్తూ 2021లో సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. మనిషి ప్రవర్తనను పరిశీలించకుండా అతడు ఏ వర్గానికి చెందినవాడన్న దానిని బట్టి రక్తాన్ని అనుమానించడం, ఒంటి మీద కనిపించకుండా వేసిన మరో గుర్తు.

ఉద్యమం అనే మాటను చిరంజీవి గౌరవంతో పలుకుతున్నందున దాని స్వరూపాన్ని కూడా గుర్తుచేయవలసి ఉన్నది. వయోజనుల మధ్య ఇష్టపూర్వక సంబంధాలను, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ నుండి తప్పించే తీర్పును ఢిల్లీ హైకోర్టు 2009లో ఇవ్వగా, సుప్రీంకోర్టు 2013లో దానిని కొట్టివేసింది. నాట్యకళాకారుడు నవ్‌తేజ్ సింగ్ జోహార్ తదితరుల పిటిషన్ మీద 2018 సెప్టెంబరు 6న అదే న్యాయస్థానం తన పాత నిర్ణయాన్ని రద్దు చేసి వారి పక్షాన నిలిచింది. 2023 అక్టోబరులో స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి మాత్రం అది అంగీకరించలేదు. గెలుపు, ఓటమి, మళ్లీ గెలుపు, మళ్లీ నిరాశగా సాగిన ఈ దారిలో నిలిచినవారు పేర్లు బయటపెట్టుకుని పిటిషన్ల మీద సంతకాలు చేశారు, ఇల్లు విడిచి వచ్చినవారికి ఆశ్రయం ఇచ్చారు, ఆసుపత్రులకు తోడు వెళ్లారు. త్రిభుజాన్ని ధరించేవారు ఈ పనులలో తమకు చేతనైనదేదో ఒకటి చేస్తూ ఉంటే ఆ గుర్తుకు విలువ పెరుగుతుంది. ఏదీ చేయకుండా ధరిస్తే అది శిబిరాలలో మరణించినవారి వేదనను అలంకారంగా వాడుకున్నట్లవుతుంది.

కాబట్టి చిరంజీవి చేయవలసినది ఇది: త్రిభుజం బొమ్మను కాగితం మీద గీసుకుని కొన్ని నెలలు ఎదురుగా ఉంచుకోవడం, దాని చరిత్రను అడిగినవారికి తడబడకుండా చెప్పగలిగేంతగా చదువుకోవడం, చదువుకు, బతుకుకు భద్రత ఏర్పడిందని రూఢి చేసుకోవడం, ఆ తరువాత కూడా కోరిక నిలిచి ఉంటే శుభ్రమైన చోట నిర్భయంగా పొడిపించుకోవడం. అప్పటికి కోరిక మారితే ఆ మార్పుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు. గుర్తు ఉన్నా, లేకున్నా చిరంజీవి ఈ కుటుంబపు బిడ్డే. ఆ విషయంలో పెద్దల మనసు మారదు, బంధువులలో ఎవరు నిలదీసినా సమాధానం చెప్పే బాధ్యతను పెద్దలే తీసుకుంటారు.

ఆయురారోగ్యాలు, ధైర్యం, మంచి స్నేహాలు కలగాలని ఆశీర్వదిస్తూ,

ఇట్లు
శ్రేయోభిలాషి