మూతి కలవని బండ్లు

టేకులపల్లి మండలంలో ఎండాకాలం ఫైర్ కాల్ అంటే చాలాసార్లు గడ్డివామో, పత్తి నిల్వో, తునికాకు కల్లమో. ఒకవైపు ఇల్లందు, మరోవైపు కొత్తగూడెం. మంట పెద్దదైతే రెండు వైపుల నుంచీ బండ్లు రావాల్సిందే. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఈ మండలంలోదే కాబట్టి బొగ్గు దుమ్ము మీద నీళ్లు చల్లే ట్యాంకర్ కూడా సాయానికి రావచ్చు. ఈలోగా ఊరివాళ్లు ట్రాక్టర్ ట్యాంకర్ తెచ్చి నిలబెడతారు. నాలుగు బండ్లలోనూ నీళ్లుంటాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే మాత్రం మూతులు కలవాలి.

కొత్తగా చేరిన డ్రైవర్ ఆపరేటర్ తమ్ముళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఛాసిస్ గురించే. లేలాండ్ మంచిదా, టాటా మంచిదా, ఐషర్ ఎలా ఉంటుంది అని. అడగాల్సిన ప్రశ్నే, దానికి తర్వాత వస్తాను. మంట దగ్గరికి చేరాక బండి ముందు ఏ కంపెనీ బొమ్మ ఉందో ఎవరికీ పట్టదు. వెనక పంపు ప్యానెల్ దగ్గర ఏ మూతి ఉందన్నదే లెక్కలోకి వస్తుంది.

చాలా ఏళ్ల కిందట ఒక కర్మాగారంలో మాక్ డ్రిల్ పెట్టారు. వాళ్ల హైడ్రెంట్ నుంచి మా బండిలోకి నీళ్లు తీసుకోవాలి. మా హోస్ పెడితే కూర్చోలేదు. అడాప్టర్ ఉందన్నారు. ఎక్కడుందంటే స్టోర్‌లో. తాళంచెవి ఎవరి దగ్గరంటే స్టోర్ కీపర్ దగ్గర. ఆయన ఊళ్లో లేడు. డ్రిల్ కాబట్టి టీ తాగి వచ్చేశాం.

మన ఫైర్ సర్వీసుల్లో డెలివరీ వైపు వాడేది 63 మిల్లీమీటర్ల ఇన్‌స్టంటేనియస్ కప్లింగ్. ఐఎస్ 903 ప్రకారం చేస్తారు. బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన పద్ధతి. మేల్‌ని ఫీమేల్‌లోకి నెట్టగానే స్ప్రింగుల మీదున్న రెండు పళ్లు పడి టక్కుమంటుంది. ఆ టక్కు వినపడకపోతే చేత్తో గట్టిగా లాగి చూడండి. లోపల రబ్బరు వాషర్ గట్టిపడిపోయి ఉంటే కొలత సరిపోయినా నీళ్లు కారిపోతాయి. పంపు డెలివరీకి ఫీమేల్ ఉంటుంది కాబట్టి హోస్ మేల్ కొస పంపు దగ్గర, ఫీమేల్ కొస మంట వైపు ఉండాలి. రెండు స్టేషన్ల వాళ్లు ఎదురెదురుగా పరుచుకుంటూ వస్తే మధ్యలో ఫీమేల్‌కి ఫీమేల్ ఎదురుపడుతుంది. అప్పుడు పనికొచ్చేవి డబుల్ మేల్, డబుల్ ఫీమేల్ అడాప్టర్లు. అవి బండిలో ఉన్నాయా లేవా అన్నది ఇన్వెంటరీ రిజిస్టర్‌లో కాకుండా లాకర్ తెరిచి చూసుకోండి.

1904 ఫిబ్రవరి 7న అమెరికాలో బాల్టిమోర్ నగరం అంటుకుంది. పొరుగున ఉన్న వాషింగ్టన్ నుంచి ఇంజన్లను రైలెక్కించి పంపారు. తీరా వస్తే వాళ్ల హోస్ కప్లింగులు అక్కడి హైడ్రెంట్లకు ఎక్కలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. దేశమంతటా ఒకే మర ఉండాలన్న ప్రమాణం మరుసటి ఏడు తెచ్చారు. అయినా 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల మంటల్లో మళ్లీ అదే గొడవ. ఆ ఊరి హైడ్రెంట్ మూతి 3 అంగుళాలు, సాయానికొచ్చినవాళ్లది రెండున్నర. ప్రమాణం కాగితం మీద ఉండటం వేరు, ఊరు ఊరంతా పాత మూతులు మార్చుకోవడం వేరు.

మన దగ్గర చిక్కు ఇంకోలా ఉంటుంది. రైతు స్ప్రింక్లర్ పైపులు కూడా 63 మిల్లీమీటర్లవే దొరుకుతాయి. "సార్, మాదీ 63యే" అని పాపం ఆశగా తెచ్చిస్తారు. అది హెచ్‌డీపీఈ పైపు బయటి కొలత, దానికి కొక్కెం పట్టు ఉంటుంది. మన 63 లోపలి దారి కొలత. రెండు 63లకూ చుట్టరికం లేదు. ట్రాక్టర్ ట్యాంకర్ల వెనక వాల్వ్ సంగతి చెప్పనక్కర్లేదు, వెల్డింగ్ షాపులో ఆరోజు ఏ పైపు దొరికితే ఆ కొలతే.

సక్షన్ వైపు ఇంకా జాగ్రత్త కావాలి. మన పెద్ద పంపులకు మామూలుగా 100 మిల్లీమీటర్ల సక్షన్, గుండ్రటి మర, ఐఎస్ 902. ట్రెయిలర్ పంపు సక్షన్ చిన్నదైతే పెద్ద బండికి పనికిరాదు. పైగా చెరువు నీటికీ పంపుకీ మధ్య ఎత్తు 7 మీటర్లు దాటితే ఏ కంపెనీ ప్రైమరూ నీటిని ఎత్తుతుందని నమ్మలేం. వేసవిలో కుంటలు అడుగంటినప్పుడు గట్టు మీద బండి నిలబెట్టి, పంపు పాడైందని తిట్టుకున్నవాళ్లను చూశాను. పంపు బాగానే ఉంది, కుంటే కిందికి పోయింది.

నాజిళ్ల లెక్క కూడా ముందే వేసుకోండి. నాజిల్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, ప్రెషర్ బార్ల వర్గమూలంతో గుణించి, మూడింట రెండొంతులు తీసుకుంటే నిమిషానికి ఎన్ని లీటర్లు పోతాయో సుమారుగా వస్తుంది. 4 బార్ దగ్గర 12 మిల్లీమీటర్ల నాజిల్ నిమిషానికి 192 లీటర్లు తాగుతుంది. 20 మిల్లీమీటర్లదైతే 533. అంటే 4,500 లీటర్ల వాటర్ టెండర్ మొదటిదానితో 23 నిమిషాలు నిలుస్తుంది, రెండోదానితో ఎనిమిదిన్నర నిమిషాల్లో ఖాళీ. రెండో బండి ఎంతసేపట్లో వస్తుందో తెలియకుండా పెద్ద నాజిల్ పట్టుకోవద్దు.

ఇప్పుడు ఛాసిస్. 4,500 లీటర్లంటే నీళ్లే నాలుగున్నర టన్నులు. ఆపై ట్యాంకు, పంపు, నిచ్చెన, హోసులు, మనుషులు. 2018లో రెండు యాక్సిళ్ల లారీల పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. అది చూసి పాత ఛాసిస్ మీద కొత్త జనరేటరో, కట్టరో అదనంగా ఎక్కించే పని పెట్టుకోవద్దు. చట్టం మారినా దాని స్ప్రింగులు, బ్రేకులు పాతవే. పక్క జిల్లా వాళ్ల బండి మీద ఉన్న పరికరం మన బండి మీద పెట్టొచ్చా అని అడిగేముందు రెండు బండ్ల ఆర్‌సీలు పక్కపక్కన పెట్టి, అన్‌లేడెన్ బరువు, గ్రాస్ బరువు చూడండి. బోడు వైపు అడవి రోడ్డెక్కితే ఇంకో సంగతి. సగం ట్యాంకుతో మలుపు తిరిగితే నీళ్లు ఒక పక్కకు ఒరిగి బండిని లాగుతాయి. లోపల అడ్డగోడలున్నా ఆ ఒరుగు పూర్తిగా పోదు. నిండుగానో ఖాళీగానో తిరగడం మేలు.

2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మినవి బీఎస్-6 బండ్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. కాబట్టి కొన్నాళ్లపాటు ఒక స్టేషన్‌లో పాత తరం బండి, పక్క స్టేషన్‌లో కొత్త తరం బండి ఉండే రోజులివి. పాతదాంట్లో చేత్తో లివర్ లాగితే పంపు తిరిగేది. కొత్తదాంట్లో హ్యాండ్ బ్రేక్ పడాలి, గేరు న్యూట్రల్లో ఉండాలి, అప్పుడే పీటీఓ పట్టుకుంటుంది. డిప్యుటేషన్ మీద వచ్చిన డ్రైవర్‌కి ఈ వరస తెలియకపోతే ఐదు నిమిషాలు వృథా. యాడ్‌బ్లూ అయిపోతే ఇంజన్ తన బలం తానే తగ్గించుకుంటుంది, పంపు పూర్తి ప్రెషర్ ఇవ్వదు.

అడవి పక్కన పనిచేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇది. పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న బండి గంటలకొద్దీ ఒకచోట నిలబడి పంపు తిప్పితే ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టవచ్చు. అప్పుడు లోపల వేడి 500 డిగ్రీలు దాటుతుంది. మార్చిలో టేకు ఆకులు మోకాలి లోతున రాలి ఉంటాయి. వాటి మీద సైలెన్సర్ పెట్టి బండి నిలబెడితే ఆర్పడానికొచ్చిన మనమే ఇంకో మంట అంటించినవాళ్లమవుతాం. రోడ్డు మీదో, ఎర్రమట్టి మీదో ఆపండి, లేదంటే ముందు ఆకులు ఊడ్పించండి.

కర్మాగారాల వాళ్లతో కలిసి పనిచేయాల్సి వస్తే హోసు కంటే బ్రీతింగ్ సెట్ గురించి ముందు మాట్లాడండి. అశ్వాపురం దగ్గరి మణుగూరు భారజల కర్మాగారం హైడ్రోజన్ సల్ఫైడ్ వాడే పద్ధతిలో నడుస్తుంది. అలాంటి చోట మాస్కు లేకుండా అడుగు పడదు. ఒక కంపెనీ మాస్కుకు ఇంకో కంపెనీ డిమాండ్ వాల్వ్ చాలాసార్లు ఎక్కదు. 300 బార్ సిలిండర్‌ని 200 బార్ సెట్‌కి ఎక్కకుండా కావాలనే వేరే కొలతతో చేస్తారు, బలవంతం చేయొద్దు. 6.8 లీటర్ల సిలిండర్ 300 బార్ దగ్గర నిండితే నిమిషానికి 40 లీటర్ల లెక్కన 50 నిమిషాలు. విజిల్ రిజర్వు తీసేస్తే అందులోనూ కొంత పోతుంది. మన సిలిండర్లు వాళ్ల కంప్రెసర్ మీద నిండుతాయో లేదో ఒకసారి తీసుకెళ్లి నింపి చూసుకోవాలి.

ఈ పరీక్షలన్నిటికీ వేరే రోజు వెతకక్కర్లేదు. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలి చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకంగా పెట్టిన వారం. బడిపిల్లలకు డెమో చూపించే పూట పక్క స్టేషన్ బండిని, వీలైతే గని ట్యాంకర్‌ని కూడా రమ్మనండి. ఒకదాని డెలివరీ ఇంకోదాని ఇన్‌లెట్‌కి నిజంగా కలిపి నీళ్లు వదలండి. కలవని చోట కొలత రాసుకుని, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ సంతకంతో అడాప్టర్‌కి ఇండెంట్ పెట్టండి. వచ్చాక దాన్ని స్టోర్‌లో పెట్టనివ్వకండి, బండికే గొలుసుతో కట్టండి.

ట్రాక్టర్ ట్యాంకర్‌కి మాత్రం అడాప్టర్ చేయించే పని పెట్టుకోకండి, ఎన్ని ట్యాంకర్లకని చేయిస్తాం? పైమూత తెరిపించి సక్షన్ హోస్‌ని నేరుగా లోపలికి దించండి. కాకపోతే స్ట్రెయినర్ ఆ మూత రంధ్రంలో పడుతుందో లేదో ఊళ్లో ఖాళీగా ఉన్న ట్యాంకర్ మీద ఒక పొద్దు చూసుకోండి. కొన్నిటికి పడదు.