ఇంట్లో కంప్యూటరు - ఆరోగ్య రక్షణ

కంప్యూటరు కొనేటప్పుడు దాని వేగాన్ని గురించి విచారించే మనం, త్రీపిన్ ప్లగ్గులోని మూడవ పిన్ను ఎందుకున్నదో విచారించము. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. లోపలి తీగ దెబ్బతిని లోహపు పెట్టెను తాకినట్లయితే, ఆ విద్యుత్తును భూమిలోనికి పంపి ప్రాణం కాపాడేది ఆ పిన్నే. దానిని విరిచివేయడం ప్రమాదకరం.

ఎండిన నేల విద్యుత్తును సరిగా గ్రహించదు. అందుచేత తిరుపతి, చిత్తూరు ప్రాంతాల గృహస్థులకు, వేసవిలో ఎర్తు గుంతకు నీరు పోయవలసిందని నేను చెబుతుంటాను. ఎర్తు సక్రమంగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడం అవసరం.

2012 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు కంప్యూటర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదును తప్పనిసరి చేసింది. కొనే ముందు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నదేమో చూడండి.

ఇక కన్నుల విషయం. మరీ దగ్గరగా చూడడాన్ని చరకుడు మిథ్యాయోగమన్నాడు. తెరను చేయి చాచినంత దూరంలో, కంటి ఎత్తుకు కాస్త క్రిందుగా ఉంచండి. 20 నిమిషాలకొకసారి 20 సెకన్లపాటు దూరాన ఉన్న చెట్టును చూడండి. తరచు రెప్పలార్చండి. అయినా మంట, ఎరుపు తగ్గకపోతే గృహవైద్యంతో కాలయాపన చేయక నేత్రవైద్యుణ్ణి సంప్రదించండి.