నీలి మడుగుకు వేడి ఎక్కడిది?

విద్యార్థులారా! ఐస్‌లాండ్ వెళ్ళే యాత్రికుల బృందాలు 'బ్లూ లాగూన్' మడుగులో స్నానం చేస్తుంటాయి. ఆ వెచ్చని నీరు సహజమైన ఊట అనుకుంటున్నారా? కాదు. పక్కనున్న స్వార్ట్‌సెంగి విద్యుత్ కేంద్రం వాడి వదిలిన నీరది!

1976లో మొదలైన ఆ కేంద్రపు లోతైన బావుల్లో ఉప్పునీరు సుమారు 240 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగా ఉంటుంది. పైకి రాగానే పీడనం తగ్గి, కొంత నీరు ఆవిరై టర్బయిన్లను తిప్పుతుంది. ఆ వేడితోనే మంచినీటిని కాచి ఇళ్ళకు పంపుతారు. ఉప్పునీటినే పంపితే, అందులోని సిలికా గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. మడుగులో ఆ సిలికా రేణువులే కాంతిని చెదరగొట్టి నీటిని నీలంగా చూపుతాయి.

ఈ వేడికి మూలం భూగర్భంలోని శిలాద్రవం. 2023 డిసెంబరులో అదే సమీపాన లావాగా పొంగింది. కేంద్రం చుట్టూ కట్టలు పోసి కాపాడుకున్నారు. దీపం వెలిగించే నిప్పే ఇల్లూ కాల్చగలదు కదా!