టైరు కడిగితే తెలిసింది

నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. ఊరి బయట రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. షెడ్డు ముందు బోర్డు ఉంది. "ఇచ్చట వాటర్ సర్వీసింగ్ చేయబడును" అని దాని మీద రాసి ఉంది. ఆ షెడ్డు పెంచలమ్మది, ఆమె భర్త శీనయ్యది.

పెంచలమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్లయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. అంకెలు నేర్చుకుంది. ఇప్పుడు షెడ్డు లెక్కలు ఆమే రాస్తుంది.

అది 2024 మే నెల. ఎండ మండిపోతోంది. ఒక ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆటో అబ్బాయి దిగాడు.

"అక్కా, సాయంత్రం ఈ బండికి బేరం ఉంది. బాగా కడుగు. టైర్లు మాత్రం తళతళా మెరవాల. చూసినోళ్లు కొత్తవి అనుకోవాల" అన్నాడు.

"టైర్లు ఎప్పటివబ్బయ్యా?" అని అడిగింది పెంచలమ్మ.

"నేను బండి కొన్నప్పుడు కొత్తవే. ఇంకా రెండేళ్లు కూడా కాలేదు" అన్నాడు. కొనేవాళ్లను తీసుకొస్తానని చెప్పి ఊళ్లోకి వెళ్లాడు.

పెంచలమ్మ టైరు మీద వేలు పెట్టి రుద్దింది. వేలికి నల్లగా, జిగటగా అంటుకుంది. నలుపు కింద గోధుమ రంగు కనిపించింది.

"ఇది ఒక్కనాటి మురికి కాదు. పాత పాలిష్ మీద మళ్లీ పాలిష్ పూశారు. దీని మీద ఇంకో పూత పూస్తే నిలవదు. ముందు ఇదంతా వదిలించాల" అంది భర్తతో.

మురికి ఎందుకు వదలదు?

టైరు రబ్బరుతో తయారవుతుంది. రబ్బరు చెట్టు పాలు తెల్లగా ఉంటాయి. మన దేశంలో ఈ చెట్లు కేరళలో ఎక్కువ. ఉత్త రబ్బరు ఎండకు మెత్తబడుతుంది. చలికి బిరుసెక్కుతుంది. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన కనిపెట్టాడు. టైరు గట్టిగా ఉండాలని అందులో మెత్తటి మసి కూడా కలుపుతారు. టైరు నలుపు ఆ మసి వల్ల వచ్చిందే. పాలిష్ వల్ల వచ్చింది కాదు.

ఎండ, గాలి రబ్బరును పాడు చేస్తాయి. గాలిలో ఓజోన్ అనే వాయువు కొంచెం ఉంటుంది. అది తగిలితే రబ్బరు పగులుతుంది. అందుకని టైరు చేసేటప్పుడే మైనం లాంటి పదార్థాలు, కొన్ని మందులు కలుపుతారు. బండి తిరిగే కొద్దీ అవి లోపలి నుంచి పైకి వస్తాయి. రబ్బరును కాపాడతాయి. గాలి తగిలి అవి గోధుమ రంగుకు మారతాయి. ఆ రంగు మీద దుమ్ము చేరుతుంది. దాని మీద జిడ్డు పాలిష్ పూస్తారు. జిడ్డుకు మళ్లీ దుమ్ము పడుతుంది. ఇలా పొర మీద పొర పేరుకుంటుంది. అందుకే ఉత్త నీళ్లు కొడితే ఆ మురికి వదలదు.

పెంచలమ్మ ఎలా కడిగింది?

ముందు ఆటోను వేపచెట్టు నీడకు తోయించింది. చక్రాల కింద రాళ్లు పెట్టింది. బండి కదలకుండా చూసుకుంది. టైర్లు చల్లబడే దాకా ఆగింది. టైరు వేడిగా ఉంటే సబ్బు నీళ్లు వెంటనే ఆరిపోతాయి. మురికి మళ్లీ అంటుకుంటుంది.

తర్వాత చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. నీళ్లు కొట్టి ఇసుక, మట్టి పోగొట్టింది. బకెట్లో సబ్బు పొడి కలిపింది. బట్టలు రుద్దే గట్టి ప్లాస్టిక్ బ్రష్ తీసుకుంది. ఒక్కో టైరునే పట్టుకుంది. టైరు పక్క భాగం మీద గుండ్రంగా రుద్దింది. అక్షరాల సందుల్లోనూ, గాడుల్లోనూ రుద్దింది.

నురగ గోధుమ రంగులో వచ్చింది. సబ్బు ఆరకముందే నీళ్లు కొట్టింది. మళ్లీ సబ్బు పెట్టి రుద్దింది. ఈసారి నురగ బూడిద రంగులో వచ్చింది. మూడోసారి రుద్దితే నురగ తెల్లగా వచ్చింది. నురగ తెల్లగా వచ్చిందంటే పాత పూత వదిలినట్టే.

శీనయ్య డీజిల్ సీసా తెచ్చాడు. "దీంతో తుడిస్తే ఒక్క దెబ్బకు పోతుంది గదా" అన్నాడు.

"వద్దు. డీజిల్, కిరోసిన్, పెట్రోలు రబ్బరును ఉబ్బిస్తాయి. మెత్తబరుస్తాయి. పాత ఇంజను ఆయిల్ పూసినా అంతే. అది మన చర్మానికి కూడా మంచిది కాదు. బాత్‌రూములు కడిగే యాసిడ్ వద్దు. ఇనప బ్రష్ వద్దు. ఓపికతో రుద్దితే సబ్బు చాలు" అంది పెంచలమ్మ.

కడిగిన నీళ్లు మంచినీళ్ల బావి వైపు పోకుండా ముందే కాలవ తీసి ఉంది.

బయటపడ్డ అంకెలు

మూడు టైర్లూ శుభ్రంగా వచ్చాయి. పొడి గుడ్డతో తుడిచింది. అప్పుడు కనిపించింది. వెనక టైర్లు రెండింటికీ పక్కల మీద పగుళ్లు ఉన్నాయి. ఎండిన చెరువు మట్టి బీటలు వారినట్టు ఉన్నాయి. ఇంతకాలం నల్లటి పూత వాటిని కప్పింది.

పెంచలమ్మ ఇంకా కిందికి వంగి చూసింది. టైరు మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత ఉంది. అందులో నాలుగు అంకెలు ఉన్నాయి. 1416.

టైరు మీద చాలా అంకెలు ఉంటాయి. టైరు కొలత ఉంటుంది. మోసే బరువు ఉంటుంది. ఈ నాలుగు అంకెలు మాత్రం టైరు పుట్టిన రోజు లాంటివి. మొదటి రెండు అంకెలు వారం. చివరి రెండు అంకెలు సంవత్సరం. 1416 అంటే 2016లో 14వ వారం. అంటే ఏప్రిల్ మొదట్లో తయారైన టైరు. 2024కు దానికి ఎనిమిదేళ్లు.

ముందు టైరు మీద 3022 అని ఉంది. అది 2022లో 30వ వారంలో తయారైంది. దానికి పగుళ్లు లేవు.

పగిలిన టైరు ఎండాకాలం రోడ్డు వేడికి, బరువుకు పేలిపోవచ్చు. ఆటోలో మనుషులు ఉంటారు. పెంచలమ్మ పాలిష్ డబ్బా వైపు చూసింది. మళ్లీ టైరు వైపు చూసింది. డబ్బా మూత తీయలేదు.

బేరం

సాయంత్రం ఆటో అబ్బాయి వచ్చాడు. వెంట ఒక ఆడమనిషి ఉంది. ఆమె మస్తానమ్మ! పెంచలమ్మ పొదుపు సంఘంలోనే ఉంది. రాత్రి బడిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకున్నారు.

"నువ్వా మస్తానక్కా, బండి కొనేది?" అంది పెంచలమ్మ.

"అవును పెంచలమ్మా. సంఘంలో 80 వేలు అప్పు తీసుకున్నా. మావాడు నడుపుతాడు. జూన్‌లో బడి తెరిస్తే పిల్లకాయల్ని తోలుకుపోతాడు" అంది మస్తానమ్మ.

ఆటో అబ్బాయి టైర్లు చూశాడు. మొహం మాడ్చుకున్నాడు. "ఏందక్కా, పాలిష్ పూయలేదే? నీ పని కడగడం. మిగతాది నీకెందుకు?" అన్నాడు.

"కడగడమే గదా నేను చేసింది. కడిగితే కనిపించింది" అంది పెంచలమ్మ. మస్తానమ్మను చేయి పట్టుకుని వెనక టైరు దగ్గర కూర్చోబెట్టింది. "అక్కా, ఈడ నాలుగు అంకెలు ఉన్నాయి. చదువు" అంది.

మస్తానమ్మ వేలు పెట్టి మెల్లగా చదివింది. "ఒకటి... నాలుగు... ఒకటి... ఆరు."

వాటి అర్థం పెంచలమ్మ చెప్పింది. మస్తానమ్మ వేళ్లు మడిచి లెక్క వేసింది. "ఎనిమిదేళ్లు! దీంట్లోనా పిల్లకాయల్ని ఎక్కించేది?" అంది.

ఆటో అబ్బాయి కూడా వంగి చూశాడు. పగుళ్ల మీద వేలు పెట్టి తడిమాడు. కాసేపు మాట్లాడలేదు. "నేను కొన్నప్పుడూ ఇట్టాగే మెరుస్తా ఉన్నాయి. కడిగి చూడాలని నాకూ ఎవురూ చెప్పలేదు" అన్నాడు చివరికి. రెండేళ్లుగా ఆ టైర్ల మీద అతని ఇంటివాళ్లు కూడా తిరిగారు.

ముగ్గురూ చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నారు. వెనకవి రెండు కొత్త టైర్లు అతనే వేయించి ఇవ్వాలి. బండి ధర మారదు. అందరూ ఒప్పుకున్నారు. అతను కడిగిన కూలీ ఇచ్చాడు. పాలిష్ డబ్బులు పెంచలమ్మ అడగలేదు.

మర్నాడు టైర్ల కొట్టుకు మస్తానమ్మ కూడా వెళ్లింది. కొట్టు మనిషి టైరు బయటికి తీశాడు. "ఆగు నాయనా, బిగించొద్దు. ముందు దీని అంకెలు చదవనీ" అంది.

గుర్తుంచుకోండి

1. మెరిసే టైరు అంతా మంచి టైరు కాదు. పాత బండి కొనే ముందు టైర్లు కడిగించి చూడాలి. స్టెపినీ టైరు కూడా చూడాలి.

2. నాలుగు అంకెలు టైరుకు ఒక పక్కనే ఉండవచ్చు. బయట కనిపించకపోతే లోపలి వైపు చూడాలి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. అంకెలు తెలిస్తే చాలు.

3. అయిదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించాలి. పదేళ్లు దాటితే తీసెయ్యాలి. కొన్ని టైర్ల కంపెనీలు ఇలా చెబుతాయి. పగుళ్లు ఉంటే అంతకాలం ఆగకూడదు.

4. టైరు గాడుల మధ్య చిన్న చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానం అయితే దాన్ని మార్చాలి.

5. పాలిష్ పూయాలంటే నీటితో చేసినది తీసుకోవాలి. పక్క భాగానికే పలచగా పూసి, తుడవాలి. నేలకు ఆనే భాగానికి పూస్తే బండి జారుతుంది. మోటారు సైకిలు టైర్లకు అసలే పూయకూడదు.

6. రోజూ సబ్బు పెట్టి రుద్దనక్కరలేదు. మామూలు మట్టికి నీళ్లు చాలు.

ఆలోచించండి

పెంచలమ్మ పాలిష్ పూసి ఊరుకుంటే ఏమయ్యేది? ఆమె చేసింది సరైనదేనా? ఆటో అబ్బాయిది తప్పేనా? మీ సంఘంలో మాట్లాడుకోండి.

చేసి చూడండి

మస్తానమ్మ చదివిన కొత్త టైరు మీద 0924 అని ఉంది. అది ఏ సంవత్సరంలో తయారైంది? ఎన్నో వారంలో?

మీ ఇంట్లోనో, వీధిలోనో ఉన్న బండి టైరును తడి గుడ్డతో తుడవండి. నాలుగు అంకెలు వెతకండి. పలక మీద రాయండి. ఆ టైరు వయసు ఎంతో లెక్క కట్టండి. పక్కింటి వాళ్లకు కూడా చెప్పండి.